ఇంటర్ క్లాసులో 1/70

మేడారం అంటే రాష్ట్రమంతటికీ రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క జాతర. జంపన్న వాగు, గద్దెలు, ‘నిలువెత్తు బంగారం’గా తూచే బెల్లం. ఆ నాలుగు రోజులు పోగా మిగిలిన కాలమంతా ఇది ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఒక కోయ పల్లె. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ఊరు. ఇక్కడ గుంట జాగ చేతులు మారాలన్నా, అడవి అంచున పోడు దున్నాలన్నా మైదానంలో లేని చట్టాలు వచ్చి నిలబడతాయి. ఆ చట్టాలను ఇక్కడి ఇంటర్మీడియట్ పిల్లలకు చెప్పాలా వద్దా అని బావాబామ్మర్దులిద్దరు వాదించుకున్నారు. ఇద్దరూ కోయవాళ్లే. బావ ఏజెన్సీలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాడు. బామ్మర్ది ములుగులో వకీలు. నేను ఎవరి వైపో దాచను, వకీలు వైపే. కానీ లెక్చరర్ అడిగిన ఒక ప్రశ్న దాటేసి పోయేది కాదు. అందుకే వాళ్ల మాటలు వాళ్లవిగానే రాస్తున్నాను.

లెక్చరర్: మళ్ల అదే పట్టుకొచ్చినవ్ బామ్మర్దీ. ఫస్టియర్ పిల్లలకు ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్ అని ఒక పేపర్ ఉన్నది, ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ అని ఇంకోటి ఉన్నది. పాసైతే చాలు, మార్కులు కలవయి. ఆ పుస్తకం ఎంతమంది తెరుస్తరో మాకు తెలుసు. నీ లా కూడ అట్లనే అయితది. ‘చట్టం అనగానేమి, దాని లక్షణములేవి?’ గైడుల చూసి బట్టీ కొడుతరు, పరీక్ష రాస్తరు, మర్చిపోతరు.

వకీలు: పరీక్ష పెట్టుమని నేను అన్ననా బావా? సీబీఎస్ఈల 2013 నుంచే లీగల్ స్టడీస్ అని ఒక సబ్జెక్టు ఉన్నది, పదకొండు, పన్నెండు తరగతులకు. టార్టులు, ఆర్బిట్రేషన్, అంతర్జాతీయ చట్టం, అన్నీ ఉంటయి. రేపు లా కాలేజీకి పోయే పిల్లలకు అది మంచిదే. నేను అడిగేది పోని పిల్లల గురించి. తాడ్వాయి పిల్ల నర్సింగుకు పోవచ్చు, డీఎడ్‌కు పోవచ్చు, పెండ్లయి పక్కూరికి పోవచ్చు. యాడికి పోయినా వాళ్ల నాయిన భూమి మీద, వాళ్లమ్మ ఏరే ఇప్పపువ్వు మీద చట్టం ఉన్నది. దాన్ని ఆమెకు ఎవరు చెప్తరు?

లెక్చరర్: సివిక్స్ ఉన్నది కదా. రాజ్యాంగం నేనే చెప్తున్న. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, సుప్రీంకోర్టు, హైకోర్టు.

వకీలు: హెచ్ఈసీ, సీఈసీ వాళ్లకు చెప్తున్నవ్. ఎంపీసీ, బైపీసీ పిల్లలు పదో తరగతి సోషల్ పుస్తకం మూసిన నాడే రాజ్యాంగాన్ని కూడ మూసేసిన్రు. సరే, నీ క్లాసు పిల్లలనే అడుగుత. ఐదో షెడ్యూలు గురించి పాఠంల ఎన్ని లైన్లు ఉన్నయి? రాష్ట్రపతి ఎన్నిక ఎట్లయితదో మనోళ్లు గడగడ చెప్తరు. గ్రామసభల కోరం ఎంతనో చెప్పుమను.

(లెక్చరర్ దీనికి బదులివ్వలేదు. వకీలు కూడా గుచ్చి అడగలేదు. అతనికి జాతర సంగతి చెప్పాలని ఉంది.)

వకీలు: జాతర దగ్గర పడ్డదంటే రోడ్డు పక్క జాగలకు ఎంత గిరాకి ఉంటదో నీకు నేను చెప్పాలె? మనోళ్లు జాగ చూపిస్తరు, బయటోళ్లు దుకాణం పెడుతరు. నాలుగు రోజుల డేరా అయితే ఒక లెక్క. దాని మీద అటో ఇటో వాదన చేయొచ్చు. కానీ వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘పది సంవత్సరముల కౌలుకు ఇచ్చితిని’ అని రాయించుకొని వేలిముద్ర వేయించుకుంటున్నరు చూడు, ఆ కాగితం చెల్లదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉన్నది కదా, మన తెలంగాణ ఏజెన్సీకి 1963ల వర్తింపజేసిన్రు, 1970ల సవరించి గట్టిచేసిన్రు. మనం 1/70 అనేది దాన్నే. అందుల ‘బదలాయింపు’ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మారకం, అన్నీ అండ్ల వస్తయి. ఆ కాగితం ఇంట్ల పెట్టెల ఉంటది. ఇంట్ల చదువొచ్చింది ఇంటర్ పిల్ల ఒక్కతే. ఆమెకు ఆ కాగితం చదవొస్తది. అది చెల్లదని మాత్రం తెల్వదు.

లెక్చరర్: తెలిసి ఏం చేస్తది? నాయిన ఆల్రెడీ అడ్వాన్సు తీసుకున్నడు, ఖర్చు చేసిండు. ఈమె పోయి ‘ఇది చెల్లదు నాయినా’ అంటే ఇంట్ల కొట్లాట అయితది తప్ప ఏం కాదు. మనకు ఊర్ల పెద్దమనుషులు ఉన్నరు, పటేలు ఉన్నడు. గట్టు పంచాయితీ, పెండ్లి పంచాయితీ, అన్నీ వాళ్ల దగ్గర తెగుతున్నయి. సమ్మక్క తల్లి ఏ లా చదివింది? కరువు వచ్చింది, కప్పం కట్టం అన్నది. నిలబడ్డది.

వకీలు: తల్లికి కప్పం అడుగుతున్నరని తెలిసింది బావా. ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపి అడిగిండు. ఇప్పుడు మనల్ని అట్ల అడగరు. నవ్వుకుంట వచ్చి, చాయ్ తాగి, సంతకం పెట్టుమంటరు. ఇగ పెద్దమనుషుల సంగతి అంటవా, వాళ్లను పక్కన పెట్టుమని నేను అంటలేను. 1996 పీసా చట్టమే చెప్తున్నది, ఊరి ఆచారాన్ని, తగువు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉన్నదని. ఆ ముక్క పటేలుకు తెలిస్తే సర్కారోళ్ల ముందర ఆయన మాటకు ఇంకింత బలం వస్తది. ఆయనకు చదివి చెప్పేటోళ్లు కావాలె. ఎవరున్నరు, మన పిల్లలు తప్ప?

లెక్చరర్: నీకు కోర్టు బలం కనిపిస్తది. నాకు పిల్లలు కనిపిస్తరు. పదిహేడేండ్ల పిల్లగాడు క్లాసుల విన్న సెక్షన్ పోయి ఫారెస్టోళ్ల ముందర చదివిండనుకో. ఏమైతది? వానికి ఏం కాదు, చిన్నోడు. వాళ్ల నాయిన మీద కేసు అయితది. నాగలి గుంజుకపోతరు. పాఠం చెప్పింది నేను. రేపు ఆ తండ్రి నా ఇంటి ముందర నిలబడితే నువ్వు ములుగుల ఉంటవ్.

వకీలు: సెక్షన్ చదవడం నేర్పొద్దు. కాగితం అడగడం నేర్పు. ఫారం-ఎ చూసినవా ఎన్నడన్న? అటవీ హక్కుల చట్టం కింద భూమికి దరఖాస్తు పెట్టేది. పేరు, భార్య లేదా భర్త పేరు, ఊరు, గ్రామసభ, నివాసానికి ఎంత, సాగుకు ఎంత, సాక్ష్యాలు ఏంది. పదో తరగతి పాసైన పిల్ల నింపగల కాగితం అది. సాక్ష్యం దగ్గరనే మనోళ్లు ఆగిపోతరు. ‘మా దగ్గర పట్టా లేదు, పహాణి లేదు’ అంటరు. రూల్ 13 ఏం చెప్తది? ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అదీ సాక్ష్యమే. గట్టు, బావి, పాత ఇంటి ఆనవాలు, సమాధులు ఉన్న జాగ, అవీ సాక్ష్యమే. మా తాత సమాధి మా చెల్కలనే ఉన్నది. మా నాయినకు అది సాక్ష్యమని తెల్వదు, ఆయనకు అది మొక్కే జాగ. ఆ సమాధి పక్కన నిలబడి, నలుగురు ముసలోళ్ల మాట ఒక పిల్ల నోట్‌బుక్కుల రాసి, కింద వాళ్ల వేలిముద్రలు తీసుకుంటే, అది 2005 డిసెంబర్ 13 కంటె ముందటి నుంచి సాగుల ఉన్నమని చూపే పత్రం. దీనికి వకీలు అవసరం లేదు. నాకు ఫీజు కూడ రాదు.

లెక్చరర్: పెట్టిన్రు కదా దరఖాస్తులు. ఎన్ని వాపస్ వచ్చినయి!

వకీలు: వచ్చినయి. ఎట్ల వచ్చినయో చూడాలె. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరించిన వాళ్లను ఖాళీ చేయించుమని ఆర్డర్ ఇచ్చింది. దేశమంత గగ్గోలు లేచింది. పదిహేను రోజులకే, ఫిబ్రవరి 28న, అదే కోర్టు దాన్ని ఆపింది. ఎందుకంటే తిరస్కరించే ముందర పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చిన్రా, కారణం చెప్పిన్రా అన్నది తేలాలె. కారణం రాసి ఇయ్యాలె, 60 రోజులల్ల అప్పీలు చేసుకోవచ్చు. మనోళ్లకు ‘రాలేదు’ అన్న మాట ఒక్కటే చేరింది. ఎవరు రాలేదన్నరు, ఏ తారీఖున, ఏ కారణం మీద? ఆ మూడూ అడిగే పిల్ల ఇంటికొకతి ఉంటే చాలు. నువ్వన్నట్టు ఎదురు నిలబడమని కాదు. ఎదురు నిలబడితే కేసు అయితది. దరఖాస్తు పెట్టి రసీదు తీసుకుంటే కాదు.

లెక్చరర్: కేసు అయితే మరి?

వకీలు: అయితే ఎస్టీలకు వకీలు ఉచితం. 1987 చట్టం, 12వ సెక్షన్. ఆదాయం ఎంతనని కూడ అడగొద్దు. 15100కు ఫోన్ చేస్తే చాలు. నీ స్టూడెంట్లల్ల ఈ నెంబరు తెలిసినోళ్లు ఎంతమంది? అంబులెన్స్ 108 అందరికీ నోటికొచ్చు.

(ఇక్కడి వరకు వకీలుదే పైచేయి. తర్వాత లెక్చరర్ అడిగింది విన్నాక నాకు ఈ చర్చ రాయాలనిపించింది.)

లెక్చరర్: సరే, ఒకటి అడుగుత, దీనికి చెప్పు. నా క్లాసుల కోయ పిల్లలే ఉంటరా? మూడో బెంచీల ఒక పిల్ల కూసుంటది. వాళ్లు గిరిజనేతరులు. వాళ్ల తాత ఎన్నడో వచ్చిండు, ఇల్లు కట్టిండు, దుకాణం పెట్టిండు. ఆ పిల్ల ఇక్కడనే పుట్టింది, మన పిల్లలతోని ఆడుకున్నది, తల్లికి బంగారం ఎత్తుకున్నది. నేను బోర్డు మీద 1/70 రాసి, ‘ఏజెన్సీల గిరిజనేతరుని చేతిలున్న భూమి, రుజువు అయ్యేదాక, గిరిజనుని దగ్గర్నుంచి వచ్చిందే అని చట్టం అనుకుంటది’ అని చెప్పాలె. క్లాసంత తిరిగి ఆమె దిక్కు చూస్తది. నేనేం చెయ్యాలె? ఆ గంట అయిపోయినంక ఆమె పక్కన ఎవరు కూసుంటరు? చట్టం ఊరికి మంచిదే కావచ్చు, ఆ క్లాసుకు మంచిదా? మీ కోర్టుల ఒకరు గెలుస్తరు, ఒకరు ఓడుతరు, ఇంటికి పోతరు. నా క్లాసుల వాళ్లిద్దరు రెండేండ్లు ఒక్క బెంచీ మీద కూసోవాలె.

వకీలు: ... బావా, ఇది నేను అంత ఆలోచన చెయ్యలే. కానీ చెప్త, ఆగు. ఇప్పుడు ఆ క్లాసుల 1/70 గురించి ఎవరికీ తెల్వదా? తెలుసు. ఇంట్ల విన్నది తెలుసు. మన పిల్లలకు ‘వాళ్ల జాగలన్నీ మనవే, లాక్కున్నరు’ అని తెలుసు. ఆ పిల్లకు ‘ఎప్పుడైనా వెళ్లగొడుతరు’ అని తెలుసు. రెండూ సగం తెలివే. చట్టం అట్ల చెప్తలేదు. 1970 ఫిబ్రవరి 3కు ముందర ఇద్దరు గిరిజనేతరుల నడుమ అయిన అమ్మకానికి 1970 సవరణ తగలదు, వెనక్కి పోదని సుప్రీంకోర్టు చెప్పింది. ‘అనుకుంటది’ అన్నది కూడ, రుజువు చూపిస్తే పోయేదే. వినేది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్, నోటీసు ఇచ్చి వినాలె, అప్పీలు ఏజెంటు, అంటే కలెక్టర్ దగ్గర ఉంటది. ఎవరన్న పోయి గొడ్డలి పట్టుకొని ఖాళీ చెయ్యమంటే అది నేరం. అటవీ హక్కుల చట్టంల కూడ గిరిజనేతరులకు జాగ ఉన్నది, మూడు తరాలు, 75 ఏండ్లు అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపిస్తే. ఇవన్నీ ఆ పిల్లకు కూడ కావాలె. మనకంటె ఆమెకే ముందు కావాలె. పక్కన మంగపేట మండలంల 23 ఊర్లు ఏజెన్సీయా కాదా అని దశాబ్దాలు కొట్లాడిన్రు. 2023ల హైకోర్టు ఏజెన్సీయే అన్నది. ఆ ఊర్ల పిల్లలు, మనోళ్లయినా వాళ్లయినా, ఆ తీర్పు వచ్చిన తెల్లారి ఏం తెలుసుకొని నిద్ర లేచిన్రు? వాట్సాప్‌ల వచ్చింది తెలుసుకున్నరు.

లెక్చరర్: నువ్వు చెప్పింది చట్టం. నేను అడిగింది ఆ పిల్ల మొకం.

వకీలు: నిజమే. ఎవరి ఇంటి కాగితం క్లాసుల పెట్టొద్దు, పేర్లు లేని కాగితం పెడుదాం. కానీ ఒకటి చెప్త, ఏమనుకోకు. ఆ పిల్ల బాధపడుతదని చెప్పకుంట ఆగితే, ఎవరి భూమి పోయిందో ఆ ఇంటి పిల్ల ఏండ్ల నుంచి పడుతున్న బాధ లెక్కల రాదా? ఆ పిల్ల కూడ నీ క్లాసులనే ఉన్నది. మొదటి బెంచీల ఉన్నదో, ఆఖరి బెంచీల ఉన్నదో. ఆమె మొకం కనిపిస్తలేదు, ఎందుకంటే అది మనకు అలవాటైంది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత లెక్చరరే అందుకున్నాడు. గొంతు మారింది.)

లెక్చరర్: చట్టం, చట్టం అంటవ్. 2000ల జీవో 3 వచ్చింది, ఏజెన్సీ బడుల్ల టీచర్ పోస్టులు అన్నీ స్థానిక గిరిజనులకే అన్నరు. దాన్ని నమ్ముకొని మన పిల్లలు టీటీసీలు, డీఎడ్‌లు, బీఎడ్‌లు చేసిన్రు. నేనే చెప్పిన, ‘చదువుకో బిడ్డా, నౌకరీ ఉన్నది’ అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదన్నది. ఐదుగురు జడ్జీలు. ఆ తీర్పు వచ్చిన నాడు ఎంతమంది ఫోన్ చేసిన్రో నాకు తెలుసు. వాళ్లకు నేను ఏ చట్టం చెప్పాలె?

వకీలు: ఆ తీర్పునే చెప్పాలె. మొత్తం చెప్పాలె. అప్పటికే చేరిన వాళ్ల నౌకరీలు తియ్యలేదని చెప్పాలె. నూరు శాతం కుదరదన్నది కానీ రిజర్వేషనే కుదరదనలేదని చెప్పాలె. దాంతోని పాటు 1997 సమత తీర్పు చెప్పాలె. విశాఖ మన్యంల గనుల లీజులు. గవర్నమెంటు కూడ ‘వ్యక్తి’ కిందికే వస్తది, అది కూడ ఏజెన్సీ భూమిని గిరిజనేతర కంపెనీలకు లీజుకు ఇయ్యడానికి వీల్లేదని ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే షెడ్యూలు, ఒకే కోర్టు. ఒకసారి మన దిక్కు, ఒకసారి అటు దిక్కు. ఎందుకు? దేన్ని సర్కారు మార్చగలదు, దేన్ని గవర్నర్, దేన్ని పార్లమెంటు? డీఎడ్‌కు ఫీజు కట్టేటప్పుడు ఆ పిల్లకు ‘నీ నౌకరీ ఒక జీవో మీద నిలబడ్డది, దాని మీద కోర్టుల కేసు నడుస్తున్నది’ అని ఒక్కరు చెప్పినా ఇంకో దారి కూడ చూసుకునేది. చట్టం మన పక్కన ఉంటదని చెప్పుమంటలేను. ఎక్కడున్నదో చెప్పుమంటున్న.

లెక్చరర్: ఇదంత చదువుకున్నోళ్ల ఆశ.

వకీలు: అట్లయితే ఆదిలాబాద్ దిక్కు మార్లవాయి బడి ఎందుకు పెట్టిన్రు? 1940ల జోడేఘాట్‌ల కొమురం భీంను చంపినంక నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఉండి, చూసి, 1943ల మార్లవాయిల గోండు పిల్లలను పంతుళ్లుగ తయారుచేసే కేంద్రం పెట్టించిండు, గోండి భాషల. పట్వారీ, షావుకారి, జంగ్లాత్ జవాను, వీళ్లంత కాగితంతోనే కదా గోండుల నోరు మూయించింది. కాగితం చదివేటోడు ఊర్లనే ఉండాలె. అమెరికాల కూడ 1972ల వాషింగ్టన్‌ల జార్జ్‌టౌన్ లా కాలేజీ పిల్లలు హైస్కూళ్లకు పోయి చట్టం చెప్పుడు మొదలుపెట్టిన్రు, స్ట్రీట్ లా అని. ఇంటి కిరాయి, పోలీసు, అప్పు, గవే పాఠాలు. దాన్ని చూసి దక్షిణాఫ్రికాల వర్ణవివక్ష నడుస్తుండంగనే చెప్పిన్రు. అంత గట్టి సర్కారు కింద చెప్పినప్పుడు మనకు ఎందుకు భయం?

లెక్చరర్: భయం నాకు కాదు. సరే విను. పరీక్ష వద్దు, మార్కులు వద్దు. కాలేజీల కూసొని చెప్పుడు కాదు, గ్రామసభ ఉన్న నాడు తీసుకపోయి చూపించాలె. మంజూరైన పట్టా ఒకటి చూపించాలె, భార్య పేరు, భర్త పేరు రెండూ దాని మీద ఉండాలన్న ముచ్చట ఆడపిల్లలకు చెప్పాలె, అది వాళ్లు చూస్తే చాలు. పద్దెనిమిది నిండకుంట బండి నడిపితే తండ్రి జైలుకు పోవచ్చన్నది మగపిల్లలకు చెప్పు, దానికి ఎవరూ నొచ్చుకోరు. 1/70 చెప్పే నాడు మాత్రం నువ్వే రావాలె. నేను వెనక కూసుంట. ఎవరన్న పిల్ల లేచి బయటికి పోతే ఆమె ఎనక నేను పోత, నువ్వు పాఠం ఆపాలె.

వకీలు: ఆపుత.

లెక్చరర్: ఒప్పుకున్న అనుకోకు. రేపు ఏ తండ్రి మీదన్న కేసు అయితే వకాల్తా నువ్వే వెయ్యాలె, పైస తీసుకోవద్దు.

వకీలు: రాసిస్తనా?

లెక్చరర్: రాసియ్యి. శనివారం బైపీసీ వాళ్లకు ప్రాక్టికల్స్ ఉంటయి. వాళ్లకే కదా రాజ్యాంగం అందలేదంటివి. శుక్రవారం మధ్యాహ్నం రా.